పరగడుపు చూపు

హాస్టల్ మేడ మీద, కిటికీ మూసిన గది

వదినా,

ఫోన్ ఎత్తడం లేదని కోపం తెచ్చుకోకు. ఈ మధ్య ఫోన్ తెర వెలుగు చూస్తే కంట్లో కారం పడ్డట్టుగా ఉంటోంది. కాగితమైతే మసక వెలుతురులో కూడా రాసుకోవచ్చు. నువ్వూ ఉత్తరమే రాయి. నీ దస్తూరీ చదవడం ఇంకో తలనొప్పి, అయినా అది భరిస్తాను.

అసలు సంగతి వినేసెయ్. నన్ను షేడ్ రూమ్ లోంచి తీసేసి ప్యాకింగ్‌కి పంపాలని చూస్తున్నారు.

నా పని గురించి నీకెప్పుడూ సగమే చెప్పాను. మిల్లులో గుడ్డకి రంగు అద్దాక, కొనేవాళ్ళు ఇచ్చిన శాంపిల్ ముక్కతో ఆ రంగు కలిసిందో లేదో చెప్పేది నేను. గది గోడలన్నీ బూడిద రంగు. నా బట్టల రంగు గుడ్డ మీద పడకూడదని పైన బూడిద రంగు కోటు. దీపాల పెట్టెలో రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి, ఒకసారి పగటి వెలుతురులాంటి దీపం కింద, ఒకసారి దుకాణాల్లో ఉండే దీపం కింద చూస్తాను. నేను సరే అంటే లాట్, అంటే ఒక విడతలో అద్దిన గుడ్డంతా, కదులుతుంది. కాదంటే మళ్ళీ రంగు తొట్టిలోకి. ఈ చూపు అమ్మది. చిన్నప్పుడు నా గౌను చిరిగితే అమ్మ గుడ్డ ముక్క పట్టుకెళ్ళకుండా, రంగు మనసులో పెట్టుకుని వెళ్ళి, సరిగ్గా అదే దారం తెచ్చేది. ఆ సంగతి గుర్తుందా అని మీ ఆయన్ని అడుగు.

నిన్న మేనేజరు గుమ్మంలోనే నిలబడి, "ప్యాకింగ్‌లో అయితే మీకు హాయిగా ఉంటుంది కదమ్మా, అక్కడ కళ్ళతో పనేముంది" అన్నాడు. హాయిట! ఒళ్ళు మండిపోయింది. నాకు తలనొప్పి వచ్చి పని వదిలేసి పడుకున్న రోజులు ఈ మధ్య ఎక్కువయ్యాయి, నిజమే. కుడి కణత దగ్గర మొదలవుతుంది. లోపల ఎవరో కూర్చుని సుత్తితో తీరిగ్గా కొడుతున్నట్టు ఉంటుంది. మెట్లు ఎక్కితే మెట్టుకో దెబ్బ. వాంతి అవుతుంది. వెలుతురు వద్దు, చప్పుడు వద్దు, తొట్ల వాసన అసలే వద్దు. చీకట్లో పడుకుంటే సాయంత్రానికి దిగుతుంది. మర్నాడంతా ఒళ్ళు పిండి ఆరేసినట్టు ఉంటుంది.

కారణం నాకు తెలుసు. మా షేడ్ రూమ్ ముందు వరండాలో కొత్తగా పెట్టిన ట్యూబ్ లైటు అదురుతూ వెలుగుతోంది. మార్చమని మేనేజరుని అడిగాను. "అందరికీ లేని తలనొప్పి మీ ఒక్కరికేనా?" అన్నాడు. అవును, నా ఒక్కదానికే. అందరికీ లేని చూపు కూడా నా ఒక్కదానికే ఉంది కదా, దానికి జీతం ఇచ్చేటప్పుడు ఆ ప్రశ్న గుర్తు రాలేదా?

నేను ప్యాకింగ్‌కి వెళ్ళను. తాడో పేడో తేల్చుకుంటాను. కళ్ళు మాత్రం బాగానే ఉన్నాయి.

అమ్మకి చెప్పకు. చెబితే ఏమంటుందో నీకూ తెలుసు.

నీ మరదలు


కరెంటు ఆఫీసు, ఫిర్యాదుల కౌంటర్ వెనక బల్ల, భోజనం వేళ

మరదలా,

చెప్పకు అన్నావు. పోస్టులో వచ్చిన కవరు నేరుగా అత్తయ్య చేతికే అందింది. ఆవిడ చదివించుకునేదాకా ఊరుకుంటారా? విని, "తలనొప్పికి ఉద్యోగం మానుకుంటారా ఎవరైనా? కుంటిసాకు కాకపోతే! మేము తలకి గుడ్డ బిగించి కట్టుకుని పని చేసుకోలేదూ?" అన్నారు. ఆ మాట అంటున్నంతసేపూ ఆవిడ చెయ్యి ఆవిడ కుడి కణత మీదే ఉంది. నేను చూశాను.

నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. నేను కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఒక పొద్దున అత్తయ్య తలుపులు మూసి, నుదుటి మీద తడిగుడ్డ వేసుకుని పడుకున్నారు. ఏమైందని అడిగితే మీ నాన్నగారు, "మీ అత్తయ్య అలిగిందమ్మా, ఒకటి రెండు రోజుల్లో అదే దిగుతుంది" అన్నారు. నేనేం తప్పు చేశానో అని గుండెల్లో రాయి పడింది. అలక తీర్చాలని మంచి నెయ్యి వేసి పోపులు పెట్టి, పళ్ళెం పట్టుకుని లోపలికి వెళ్ళాను. ఆవిడకి ఆ వాసనకే వాంతి అయింది. నా వంట మీద అసహ్యం కాబోలని వారం రోజులు ఏడ్చాను. ఇప్పుడు నీ ఉత్తరం చదువుతుంటే ఆ పళ్ళెం కళ్ళ ముందుకి వచ్చింది.

ఇంక నాది. నీది తీరిగ్గా కొట్టే సుత్తి అయితే, నాది తల చుట్టూ బిగించిన పట్టీ. రెండు వైపులా ఒకేలా నొక్కుతుంది. కొట్టదు. వాంతి లేదు, వెలుతురు గొడవ లేదు, నడుస్తూనే ఉంటాను. మెడ కర్రలా అయిపోతుంది. కౌంటర్ అవతల నుంచి కరెంటు పోయిన వాళ్ళందరూ నేనే తీగలు తెంపుకొచ్చినట్టు అరుస్తారు. ఇవతల నేను పళ్ళు బిగబట్టి నవ్వుతూ, "అర్థమైందండి, రాసుకున్నానండి" అంటూ ఉంటాను. మధ్యాహ్నం నుంచే పట్టీ బిగుస్తుంది. దానికి నా దగ్గర మందు ఉందిలే, నా గురించి బెంగ పెట్టుకోకు.

నువ్వు మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్ళు. కళ్ళ సంగతి ఒక్క ముక్కలో దాటేశావు. పేజీ నిండా పోట్లాడేదానివి, కళ్ళ దగ్గరకొచ్చేసరికి ఎందుకంత పొదుపు?

ఇక్కడంతా మామూలే. మీ అన్నయ్యకి ఏదో ఫోన్ వచ్చింది, ఆఫీసు పని.

నీ వదిన

చెల్లీ, నేను మీ అన్నయ్యని. కవరు అంటించమని నాకిచ్చింది కాబట్టి సందు దొరికింది. మీ వదిన సంచి కదిపితే తలనొప్పి మాత్రలు గలగలమంటాయి. రోజూ వేసుకుంటోంది. నేను అంటే వినదు, నువ్వు చెప్పు. ఈ ముక్క నేను రాశానని చెప్పకు.


అదే గది, కిటికీ మూసే ఉంది

వదినా,

గెలిచాను! ట్యూబ్ లైటు మార్చారు. ఎలా అంటావా? రోజూ పొద్దున్నే మేనేజరు గదికి వెళ్ళి, ఆయన కుర్చీ ఎదురుగా నిలబడి, "ట్యూబ్ లైటు" అని ఒక్క మాటే అని వచ్చేసేదాన్ని. చెవిలో జోరీగలా తిరిగాను. చివరికి, "అమ్మా, మీకో దణ్ణం" అని మార్పించాడు. కొత్తది నిశ్చలంగా వెలుగుతోంది. వరండాలో తల ఎగరేసుకుని నడిచాను.

మళ్ళీ వచ్చింది.

పొద్దున్నే, కొత్త దీపం కిందే, అందరూ చూస్తుండగా. గోడ పట్టుకుని హాస్టల్‌కి వచ్చి పడ్డాను. మేనేజరు అక్కడే ఉన్నాడు, వదినా. తల పైకెత్తి ఆ లైటు వైపు చూశాడంతే. తిట్టినా బాగుండేది.

కళ్ళ సంగతి అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఎవరికీ చెప్పలేదు. నొప్పి రాకముందు చూపులో ఒక మూల చిన్న మెరుపు పుడుతుంది. అది వంకరటింకరగా పెరుగుతూ, అంచు వెంట వెండిలా మెరుస్తూ, మధ్యలో ఏమీ లేకుండా చేసేస్తుంది. ఖాళీ. ఎదుటి మనిషి ముఖంలో సగం కనిపించదు. కాసేపటికి అదే పోతుంది, అప్పుడు సుత్తి మొదలు. మొదటిసారి వచ్చినప్పుడు, గుడ్డివాళ్ళయ్యే ముందు ఇలాగే ఉంటుందేమో అనుకుని భయపడిపోయాను. అది ఉన్నంతసేపూ నేను లాట్ ముట్టుకోను, దీపం వేడెక్కలేదనో, శాంపిల్ మురికిగా ఉందనో ఏదో ఒకటి చెప్పి ఆపేస్తాను. రంగు చూసే మనిషి కళ్ళకి లేని మెరుపులు కనిపిస్తాయని తెలిస్తే నన్ను ప్యాకింగ్‌లో కూడా ఉంచరు. అందుకే దాచాను.

అమ్మకి ఇది చదివి వినిపించకు. ఈసారైనా.

ఇంకొకటి. ఎవరో చెప్పారులే, ఎవరని అడగకు. నీ సంచిలో గలగలమనేవి ఏమిటి? నాకు డాక్టర్ దగ్గరికి వెళ్ళమని పాఠం చెప్పి, నువ్వు బఠాణీల్లా మాత్రలు మింగుతున్నావా? ఇద్దరం కలిసే వెళదాం. నువ్వు అక్కడ, నేను ఇక్కడ. నువ్వు వెళ్ళకపోతే నేనూ వెళ్ళను. ఇది బెదిరింపే.

నీ మరదలు


ఫిర్యాదుల కౌంటర్

మరదలా,

కవరు అంటించే పని ఇకనుంచి నేనే చేసుకుంటున్నాను. మీ అన్నయ్యకి నిన్న పెరుగు వడ్డించలేదు.

నేను మింగేవి మామూలు తలనొప్పి మాత్రలు. మందుల షాపులో చీటీ అడగకుండా ఇచ్చేవి. మొదట్లో ఎప్పుడో ఒకటి. తర్వాత సాయంత్రానికి ఒకటి. ఇప్పుడు పొద్దున లేవగానే తల బరువుగా ఉంటోంది కాబట్టి పొద్దున కూడా ఒకటి. వేసుకోకపోతే కౌంటర్‌లో ఎలా కూర్చోను? నువ్వు చీకటి గదిలో పడుకుంటావు, నేను కౌంటర్ మూసి పడుకుంటే సగం ఊరు వచ్చి తలుపు బాదుతుంది. కాబట్టి నాకు పాఠాలు చెప్పకు.

ఇది రాసి ఒక పూట ఊరుకున్నాను. మళ్ళీ చదివితే సిగ్గేసింది. కొట్టెయ్యను, ఉండనీ. నువ్వు దాచినది చెప్పావు, నేనూ చెప్పాను.

నీ రెండు ఉత్తరాలూ పక్కన పెట్టుకుని చూశాను. రంగులు చూసేది నువ్వే కావచ్చు, మనుషుల అబద్ధాలు వినేది నేను. రోజంతా కౌంటర్‌లో వినేది అదే కదా. నువ్వు అబద్ధం చెప్పలేదు గానీ ఒకటి వదిలేశావు. నొప్పి పొద్దునే వస్తుంది, మిల్లులోనే వస్తుంది. వాసన రాశావు, వెలుతురు రాశావు, మేనేజరు చొక్కా తప్ప అన్నీ రాశావు. పొద్దున ఏం తిన్నావో ఎక్కడా లేదు. నా దగ్గర ఉన్నప్పుడు నిద్ర లేస్తూనే వంటింట్లో డబ్బాలు వెతికేదానివి. అప్పుడు నీకు ఈ జబ్బు ఇంతగా లేదు. ఏం తింటున్నావు పొద్దున?

డాక్టర్ దగ్గరికి నేనూ వెళతాను. బెదిరింపుకి లొంగి కాదు. మీ అన్నయ్య చెబితే వెళ్ళాననిపించుకోవడం ఇష్టం లేక.

నీ వదిన


మిల్లు క్యాంటీన్, మూల బల్ల

వదినా,

నీ ప్రశ్నకి మొదట కోపం వచ్చింది. నేను పొద్దున ఏమీ తినను. తినకూడదు. షేడ్ రూమ్‌లో అది నియమం. పరగడుపు చూపు అంటారు. రోజులో మొదటి లాట్ ఖాళీ కడుపుతో చూడాలి. తింటే కళ్ళు మందగిస్తాయని, మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదని. నాకు పని నేర్పిన మాస్టారు పెట్టిన నియమం అది. ఆయన పనిచేసినన్నాళ్ళూ ఆయన చూసిన లాట్ ఒక్కటీ వెనక్కి రాలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను ఆయన కుర్చీలో కూర్చున్న మొదటి రోజే తినడం మానేశాను. ఎంత గర్వంగా మానేశానో నీకు తెలియదు. ఈ మధ్య మొదటి లాట్ తొట్టి దగ్గరే ఆలస్యమవుతోంది కాబట్టి ఒక్కో రోజు మధ్యాహ్నం దాకా అలాగే ఉంటున్నాను. నియమం నియమమే కదా.

ఇదంతా డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి నా వైపు చూసింది. "దీపం మీద ఇంత యుద్ధం చేశారు, అన్నం కోసం చెయ్యలేదేమమ్మా?" అంది.

నాది మైగ్రేన్ అట. మెరుపు గీత దానిలో భాగమే, కన్ను పాడవడం కాదు. కళ్ళు పరీక్ష చేయించింది, శుభ్రంగా ఉన్నాయి. అది రాగానే వేసుకోమని ఒక మాత్ర రాసిచ్చింది. కొంతమందికి ఆకలి, కొంతమందికి అదిరే వెలుతురు, ఘాటు వాసన, నిద్ర తక్కువో ఎక్కువో కావడం, నెలసరి ముందు రోజులు, ఇలా ఒక్కొక్కరికి ఒక్కొక్కటి దాన్ని లేపుతాయట. నాకు ట్యూబ్ లైటు కూడా కొంత కారణమే అయి ఉంటుంది, కాబట్టి మేనేజరుతో పోట్లాట వృథా కాలేదు. కానీ ఖాళీ కడుపు తలుపు తీసి పెట్టాకే మిగతావన్నీ లోపలికొస్తున్నాయంది. ఇది రక్తంలో వస్తుందట, "మీ ఇంట్లో ఎవరికైనా ఉందా" అని అడిగింది. లేదన్నాను. అని బయటికొచ్చి మెట్ల మీద ఆగిపోయాను. అమ్మ అలక గుర్తొచ్చింది.

నీ గురించి కూడా అడిగాను. నీ పట్టీ ఒత్తిడి తలనొప్పి, బిగించిన దవడా మెడా దాని ఇల్లు. కానీ రోజూ వేసుకునే మాత్రే ఇప్పుడు రోజూ నొప్పి తెస్తోందట. పొద్దున లేవగానే వచ్చే బరువు అదే. మానేస్తే మొదట ఇంకా ఎక్కువవుతుంది, ఒంటరిగా పంతానికి మానకు, మీ డాక్టరు చెప్పినట్టు మాను. ఒకటి మాత్రం గుర్తుంచుకోమంది. ఎప్పుడూ లేనంత నొప్పి పిడుగులా ఒక్కసారి వచ్చినా, జ్వరంతో మెడ పట్టేసినా, చెయ్యో మాటో తడబడినా ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇంత విన్నా నియమం వదలడానికి నాకు మనసొప్పలేదు. మాస్టారి దగ్గరికి వెళ్ళాను. కూతురింట్లో ఉంటున్నారు. మూతి తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు.

"మాస్టారూ, మీ పరగడుపు నియమం వల్ల నాకు జబ్బు చేస్తోంది. తప్పితే పాపమా?" అన్నాను.

"ఏ నియమం?" అన్నారు.

చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వారు. నవ్వడానికి వీలుగా పళ్ళ సెట్టు తీసి చేత్తో పట్టుకుని మరీ నవ్వారు. "కొత్తగా పెట్టించుకున్నప్పుడు ఇది పొద్దున పూట చిగుళ్ళు కొరికేసేది తల్లీ. మధ్యాహ్నానికి గానీ సర్దుకునేది కాదు. టిఫిన్ తినరేమని ఎవరో అడిగితే పళ్ళు పెట్టుడువని చెప్పడానికి నామోషీ అయి, చూపు కోసం అన్నాను. అంతే. దాన్ని మీరు ఇన్నాళ్ళు మోస్తున్నారా?"

ఇంటికొస్తూ నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక ముసలాయన చిగుళ్ళ నొప్పి కోసం నేను ఇన్నాళ్ళు ఆకలితో కూర్చున్నాను.

మర్నాడు షేడ్ రూమ్ గుమ్మంలో నిలబడి, అందరూ చూస్తుండగా రెండు ఉడికించిన గుడ్లూ ఒక అరటిపండూ తిన్నాను. చేతులు కడుక్కుని మొదటి లాట్ చూశాను. తొట్టి దగ్గరి పెద్దాయన మాత్రం, "మాస్టారు ఉంటే ఊరుకునేవారా?" అన్నాడు. "మాస్టారు కూడా తినమన్నారు" అన్నాను. నమ్మలేదు. నమ్మకపోతే పోనీ.

నీ మరదలు


మన ఇల్లు, వంటింటి గడప

మరదలా,

నాలుగు ముక్కలు చెబుతాను. చదివాక నన్ను తిట్టు.

మొదటి ఉత్తరంలో మీ అన్నయ్యకి ఆఫీసు ఫోన్ వచ్చిందన్నాను. అది మీ మేనేజరు ఫోన్. "మీ చెల్లెలి ఆరోగ్యం బాగాలేదు, కొన్నాళ్ళు ఇంటికి తీసుకెళ్ళండి, ఆ పోస్టులో వేరేవాళ్ళని చూసుకుంటాం" అన్నాడట. మీ అన్నయ్య భయపడి సరే అన్నాడు. నీకు చెబితే తలనొప్పి ఇంకా ఎక్కువవుతుందని నేను నోరు కుట్టేసుకున్నాను. ఇప్పుడు అనిపిస్తోంది, అదీ తప్పే. నీ తల గురించి నీకు తెలియకుండా మేమంతా మాట్లాడుకోవడం ఏమిటి? వచ్చే వారం నిన్ను తీసుకురావడానికి వస్తున్నాడు. ఎంత చెప్పినా వినలేదు. "పని కన్నా ప్రాణం ముఖ్యం" అంటాడు. ప్రాణం నీది కాబట్టి నువ్వే తేల్చుకో. సంచి మాత్రం సర్దకు.

రెండోది. నీ మెరుపు గీత ఉత్తరం వద్దన్నా అత్తయ్యకి చదివి వినిపించాను. వంకర గీత దగ్గరకొచ్చేసరికి ఆవిడ మడతపెడుతున్న దుప్పటి వదిలేశారు. "అంచు పళ్ళు పళ్ళుగా ఉంటుంది, రంపంలాగా. మధ్యలో మనిషి ముఖం కూడా కనపడదు. అది దానికి కూడా వస్తుందా?" అన్నారు. మీకు వస్తుందా అత్తయ్యా అంటే, "వచ్చేది. చెబితే పిచ్చి అంటారని చెప్పలేదు. అలక అన్నారు, సరే అలకే అనుకోనీ అని ఊరుకున్నాను. అలిగితే కనీసం తలుపు మూసుకోనిచ్చేవారు" అన్నారు.

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు. లేచి, "వాడితో నేనూ వెళ్తాను" అన్నారు. నిన్ను తీసుకురావడానికో, మరి దేనికో నాకు చెప్పలేదు. మొండిఘటం సంగతి నీకు తెలియనిదేముంది?

మూడోది. డాక్టరు చెప్పినట్టు మాత్రలు ఆపేశాను. నరకం చూశాను. మీ అన్నయ్య సంచి కదిపి చూస్తున్నాడు, శబ్దం రావడం లేదు. ఇప్పుడిప్పుడే పొద్దున తల తేలిగ్గా ఉంటోంది.

నాలుగోది. కౌంటర్ మీద నేనే రాసి ఒక అట్ట పెట్టాను. "మెడ తిప్పుకుంటున్నాను, ఆగండి" అని. పై అధికారి తీసేయమన్నాడు. "అరిచేవాళ్ళ నోటికి విరామం ఉంది, వినేవాళ్ళ మెడకి ఉండదా?" అన్నాను. అట్ట అక్కడే ఉంది. పళ్ళు బిగబట్టి నవ్వడం మానేశాను. నవ్వొస్తే నవ్వుతున్నాను, లేకపోతే లేదు.

నీ వదిన


హాస్టల్ గది, ఇవాళ కిటికీ తెరిచే ఉంది

వదినా,

నిన్ను తిట్టాలనే కాగితం తీశాను. చెప్పవలసింది చాలా ఉంది కాబట్టి తిట్లు తర్వాత.

తినడం మొదలుపెట్టినప్పటి నుంచి తల బాగా కుదుటపడింది. కానీ వాళ్ళు వస్తున్నారన్న ముందు రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే పెద్ద లాట్. ఆసుపత్రి కర్టెన్లకి బూడిద నీలం గుడ్డ, బయట లారీ ఆగి ఉంది. దీపం వేడెక్కడం కోసం చూస్తూ కూర్చున్నాను. చూపులో ఆ మూల మెరుపు పుట్టింది.

గుమ్మంలో మేనేజరు. ఆయన వెనక అన్నయ్య. అన్నయ్య వెనక అమ్మ. సరిగ్గా అప్పుడే.

నాలుక చివరిదాకా వచ్చింది, దీపం వేడెక్కలేదండి అని. అలవాటైన అబద్ధం. అమ్మని చూశాను, సగం ముఖమే కనిపించింది. ఇంక దాచబుద్ధి కాలేదు.

"నాకు మైగ్రేన్ వస్తోంది. ఇప్పుడు నా చూపు సరిగ్గా లేదు. మాత్ర వేసుకుని కాసేపు చీకట్లో కూర్చుంటాను. చూపు తేరుకున్నాక లాట్ చూస్తాను. అప్పటిదాకా ఎవరూ కదల్చకండి" అన్నాను.

"చూశారా?" అన్నాడు మేనేజరు అన్నయ్యతో. "నేను చెప్పింది ఇదే. లారీని నిలబెట్టి ఈవిడ పడుకుంటుందట!"

నాకు ఎక్కడ లేని తెగింపు వచ్చింది. "ఈ దీపం వేడెక్కేదాకా రోజూ ఆగుతారు. బాయిలర్ కడగడానికి ఒక పూట మిల్లే ఆపుతారు. తొట్టి రంగు మార్చాలంటే సగం రోజు ఖాళీగా ఉంచుతారు. వాటిని ఎవరూ ప్యాకింగ్‌కి పంపరే? నా తలకి కాసేపు ఇవ్వడానికేనా మీకు లారీ గుర్తొచ్చింది? నేను ప్యాకింగ్‌కి వెళ్ళను. ఇంటికీ వెళ్ళను. అన్నయ్యా, నువ్వు వచ్చిన దారినే వెళ్ళు."

అన్నయ్య, "అది కాదు చెల్లీ" అంటూ ఏదో మొదలుపెట్టాడు. అమ్మ వాడిని పక్కకి జరిపి ముందుకొచ్చింది. దీపాల పెట్టెలో ఉన్న శాంపిల్ ముక్క చూసింది, తర్వాత మేనేజరు వైపు తిరిగింది.

"ఆ నొప్పి దానికి నా నుంచి వచ్చింది బాబూ. రంగులు చూసే కన్ను కూడా నా నుంచే వచ్చింది. ఈ రెండూ విడిగా దొరకవు. ఉంచుకుంటే రెండూ ఉంచుకోండి. వద్దంటే రెండూ వద్దనుకోండి. నొప్పి తీసేసి కన్ను మాత్రం ఉంచుకుంటానంటే మాత్రం కుదరదు."

సాకు అన్న నోటితోనే వదినా! నేను మాత్ర వేసుకుని కుర్చీలో వెనక్కి వాలాను. అమ్మ తన భుజం మీది తువ్వాలు తడిపి తెచ్చి నా నుదుటి మీద వేసింది. గది దీపం ఆర్పేసి, తలుపు మూసి, నా పక్కనే చీకట్లో కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. చప్పుడు పడదని ఆవిడకి తెలుసు కదా.

చూపు తేటపడ్డాక తలుపు తీశాను. నొప్పి మొదలైంది గానీ మాత్ర ముందే వేసుకున్నాను కాబట్టి సుత్తి బరువు తగ్గింది. లాట్ రెండు దీపాల కిందా చూశాను. బాగానే ఉంది. సరే అన్నాను. లారీ వెళ్ళింది. ఆకాశమేమీ ఊడిపడలేదు.

మేనేజరు సాయంత్రం వచ్చాడు. గుమ్మం దాటి లోపలికి వచ్చాడు, ఇదే మొదటిసారి. "మళ్ళీ వస్తే ముందుగా చెబుతారా?" అన్నాడు. "ఇకనుంచి చెబుతాను. మీరు మళ్ళీ మా అన్నయ్యకి ఫోన్ చేస్తారా?" అన్నాను. "చెయ్యను" అన్నాడు. నా కుర్చీ నాదే. నొప్పి వచ్చినప్పుడు పడుకోవడానికి పక్కనున్న స్టోరు గది ఖాళీ చేయించి, కిటికీకి మందపాటి తెర వేయమన్నాను. ఆసుపత్రి కర్టెన్ల గుడ్డలో మిగిలిన ముక్కే కుట్టి వేశారు.

ఇప్పుడు అసలు సంగతి. అమ్మ నా దగ్గరే కొన్నాళ్ళు ఉంటానంది. అన్నయ్య కూడా ఎదురుగా లాడ్జిలో దిగి ఉండిపోయాడు, పెరుగు పెట్టరన్న భయంతో ఇంటికి రావడం లేదు. ప్రయాణం బడలికో ఏమో, నిన్న అమ్మకి వచ్చింది. నేను కిటికీ మూసి, మంచం మీద పడుకోబెట్టి బయటికొచ్చాను. అమ్మ కోసం వచ్చిన అన్నయ్య లోపలికి తొంగి చూసి, చిన్నప్పటి నుంచి అలవాటైన మాట అనేశాడు.

"ఏంటమ్మా, ఎవరి మీద అలక?"

తడిగుడ్డ కింద నుంచి అమ్మ గొంతు వినిపించింది. చిన్నగా, స్పష్టంగా.

"అలక కాదురా. తలనొప్పి. తలుపేసి పో."

వాడు తలుపు వేశాడు, వదినా. చప్పుడు కాకుండా, మెల్లగా వేశాడు.

నీ మరదలు